మిద్దె మీద రేకుల కప్పు: గాలివానకు లేవకుండా ఉండాలంటే ఏది వేయాలి?

పెన్నగట్టు (ఎర్రగుంట్ల, కడప జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ఎర్రగుంట్ల పక్కన పల్లె. కింద తాత కట్టించిన బండల మిద్దె. దాని మీద నాన్న ఇటుక గోడలు లేపి సిమెంటు రేకులు వేయించిన పెద్ద గది. మొన్న మే నెల గాలివానకు పడమటి వరస రేకులు లేచి పక్కవాళ్ల కల్లంలో పడ్డాయి. లేవనివాటిని వడగండ్లు పగలగొట్టాయి. మనుషులకు ఏమీ కాలేదు, అంతవరకు నయం.

గోడలు గట్టిగానే ఉన్నాయి. గది కొలత 20 అడుగులు, 30 అడుగులు. శ్లాబు వేస్తే కింది బండలు మోయవని మేస్త్రీ చెప్పేశాడు కాబట్టి ఇనుప రేకులే గతి. ఎర్రగుంట్లలో ఒకాయన మామూలు జింకు రేకులు చాలంటాడు. ప్రొద్దుటూరులో ఒకాయన కలర్ రేకులు, 0.50 మిల్లీమీటర్ల మందం అంటాడు. ఇంకొకాయన అదే మందం చెప్పి చాలా తక్కువ రేటు ఇచ్చాడు. ఏ రేకు, ఏ కంపెనీ తీసుకుంటే మళ్లీ ఎగరకుండా ఉంటుంది? అమ్మ పైనే పడుకుంటుంది, ఎండాకాలం వేడి సంగతి కూడా చెప్పండి.

మిద్దెతోట (ప్రొద్దుటూరు)

కలర్ రేకులే వేయించు తమ్ముడూ. టాటా బ్లూస్కోప్ డ్యూరాషైన్ గానీ జేఎస్‌డబ్ల్యూ కలరాన్ గానీ తీసుకో. మా మేడ మీద షెడ్డుకు వేయించి చాలా కాలమైంది, రంగు కూడా పోలేదు. మళ్లీ సిమెంటు రేకుల జోలికి మాత్రం పోవద్దు. వడగండ్లు పడితే పగులుతాయి, పగిలిన ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చడం ఆరోగ్యానికి మంచిది కాదు. ఆ పాత ముక్కలు ఎత్తేటప్పుడు నీళ్లు చల్లి, మూతికి మాస్కు కట్టుకుని ఎత్తించు.

సివిల్_కర్నూలు

కంపెనీ పేరు తర్వాత మాట్లాడుకుందాం. పెన్నగట్టు గారూ, పాత కప్పు ఎలా పోయిందో ముందు చెప్పండి. రేకు చిరిగి బోల్టు అక్కడే మిగిలిందా? బోల్టు కొక్కెం సాగి ఊడిందా? లేక పైపుతో సహా లేచిందా?

పెన్నగట్టు

సార్, పైపులను గోడ మీద పెట్టి చివర్లు సిమెంటుతో పూడ్చారు, అంతే. రెండు పైపులు రేకులతో పాటే పోయాయి. మిగతా చోట జె-బోల్టులు సాగి నిటారుగా అయిపోయాయి.

సివిల్_కర్నూలు

అయితే మీకు సగం జవాబు దొరికినట్టే. కొక్కేలు సాగాయి, పైపులు గోడలోంచి ఊడాయి. అక్కడ ఎంత ఖరీదైన రేకు ఉన్నా అదే జరిగేది.

చిన్న లెక్క చూద్దాం. గాలి ఒత్తిడికి మన దేశంలో వాడే ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో కర్నూలుకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. మీ లెక్కకు అదే తీసుకుందాం. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుకు 50 మీటర్లు. ఇది 3 సెకన్ల పాటు వచ్చే ఊపు, 50 ఏళ్లలో ఒకసారి రావచ్చన్న అంచనాతో తీసుకున్నది. ఆ వేగాన్ని అదే వేగంతో గుణించి 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. 39కి 912 వస్తుంది. కిలోల్లో చెప్పాలంటే 93. ఊరి మధ్య ఇల్లయితే కొంత తగ్గుతుంది, పొలంలో ఒంటరి ఇల్లయితే ఆ తగ్గింపు ఉండదు.

ఇప్పుడు రేకు బరువు చూడండి. 0.50 రేకు చదరపు మీటరుకు నాలుగున్నర కిలోలు ఉంటుంది. మీ 600 చదరపు అడుగుల కప్పు మీద లాగుడు 5 టన్నులు, రేకులన్నీ కలిపి తూగేది 250 కిలోలు. మిగతాదంతా స్క్రూలు, పైపులు, గోడ కలిసి పట్టుకోవాలి.

గాలి కప్పును తోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువగా పైకి లాగుతుంది. గోడకు కొట్టుకుని పైకెక్కిన గాలి కప్పు అంచు దగ్గర విడిపోయి, అక్కడ పీల్చే ఒత్తిడి పుడుతుంది. అందుకే చూరు, మూలలు, కొప్పు దగ్గర లాగుడు మధ్యలో కంటే చాలా ఎక్కువ, రెట్టింపు దాకా లెక్కేస్తాం. అదే సమయంలో గాలి వచ్చే వైపు తలుపో కిటికీయో ఊడితే లోపలి గాలి కింది నుంచి ఎత్తుతుంది. మూడు వైపులా గోడలుండి ఒక వైపు తెరిచి ఉన్న షెడ్లు అందుకే ముందు పోతాయి.

నల్లరేగడి (జమ్మలమడుగు)

మా ఊళ్లో అందరూ రేకుల మీద రాళ్లు, ఇసుక మూటలు పెడతారు. అది పనికిరాదంటారా?

వెల్డింగ్‌షాపు_అనంత (అనంతపురం)

సార్ లెక్కనే తీసుకోప్పా. 10 అడుగుల రేకు ఒక్కటి 3 చదరపు మీటర్లు కప్పుతుంది. దాని మీద లాగుడు 280 కిలోలు. నువ్వు పెట్టే మూట 30 కిలోలో 40 కిలోలో. పైగా ఎండకు సంచి చినిగి ఇసుక కారిపోతుంది, ఆ తడి ఇసుక కింద రేకు తుప్పు పడుతుంది. రాళ్లయితే అసలు వద్దు. రేకు లేచినప్పుడు ఆ రాయి ఎవరి నెత్తిన పడుతుందో ఎవరికి తెలుసు?

నేను పాతికేళ్లుగా షెడ్లు కడుతున్నా. జనం వచ్చి అడిగేది రెండే: కంపెనీ ఏది, అడుగు ఎంత. పైపు మందం అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. స్క్రూ గురించి అడిగినవాడు ఇంతవరకు రాలేదు. రేటు తగ్గించమంటే మేము ఎక్కడ తగ్గిస్తామనుకున్నారు? అక్కడే.

తోటమాలి_రైల్వేకోడూరు

మనకు తుపాన్లు రావు కదా, ఇంత టెన్షన్ అవసరమా? సముద్రం ఎక్కడ, ఎర్రగుంట్ల ఎక్కడ?

బీచ్‌రోడ్డు (సొంతూరు తాడిపత్రి, ఉద్యోగం విశాఖలో)

తుపాను నెల్లూరు తీరం దాటి కడప వైపు వచ్చేసరికి గాలి తగ్గి వాన మిగులుతుంది, నిజమే. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది వాన వల్లే, గాలి వల్ల కాదు. కానీ మన రేకులు లేపేది తుపాను కాదు సార్, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివాన. పెద్ద క్యుములోనింబస్ మేఘం కిందికి చల్లగాలిని ఒక్కసారిగా వదులుతుంది. అది నేలను తాకి అన్ని వైపులా చిమ్ముతుంది. పావుగంటలో అయిపోతుంది, ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పలేం. పులివెందుల వైపు అరటి తోటలు ఏటా పడుకునేది దీనికే. తుపానుకైతే రెండు రోజుల ముందు కబురు వస్తుంది, దీనికి విపత్తుల సంస్థ మెసేజ్ వచ్చేసరికి ఆకాశం నల్లబడి ఉంటుంది.

విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను ఇక్కడే ఉన్నా. ఫ్యాక్టరీ షెడ్లలో నేను గమనించింది ఏమిటంటే, చూరు వరస ముందు లేచింది. అది లేచాక కింద గాలి దూరి వెనక వరసలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. అంచు వరస నిలబడిన చోట లోపలి రేకులు కూడా చాలావరకు నిలబడ్డాయి.

సివిల్_కర్నూలు

బీచ్‌రోడ్డు గారు చెప్పినదానికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలో డార్విన్ నగరం మీద ట్రేసీ అనే తుపాను పడి, ఊళ్లో ఇళ్లలో ఎక్కువ భాగం ధ్వంసమయ్యాయి. తర్వాత ఇంజనీర్లు రేకులు పరిశీలిస్తే చాలా చోట్ల స్క్రూ ఊడలేదు. పైపులో అలాగే ఉంది. గాలి ఊపులకు రేకు పైకీ కిందికీ కొట్టుకుని, స్క్రూ తల చుట్టూ సన్నని పగుళ్లు వచ్చి, చివరికి రేకు తల మీదుగా ఊడిపోయింది. ఒక తీగను పదేపదే వంచితే తెగుతుంది చూడండి, అదే సంగతి. పలుచని, గట్టి ఉక్కు రేకుల్లో ఇది ఇంకా త్వరగా వస్తుంది. ఆ తర్వాత అక్కడ రేకులను ఒక్కసారి లాగి చూసే పరీక్ష చాలదని, వేలసార్లు ఊపి చూసే పరీక్షలు పెట్టారు. స్క్రూ తల కింద వెడల్పాటి సైక్లోన్ వాషర్లు వేయడం మొదలైంది.

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల వాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ గాలి ఆగదు. పెద్ద గాలివాన ఒక్కటీ రాకపోయినా ఆ మూడు నెలల ఊపుకే స్క్రూలు వదులవుతాయి.

శ్లాబే_మేలు (నంద్యాల)

ఇంత కథ ఎందుకండీ? నాలుగు మూలలా పిల్లర్లు నేల నుంచి లేపి శ్లాబు వేసుకుంటే జీవితాంతం హాయి. రేకుల ఇల్లు ఎప్పటికీ రేకుల ఇల్లే.

పెన్నగట్టు

అన్నా, డబ్బులుంటే అదే చేసేవాణ్ని. మీరు చెప్పిన పిల్లర్ల ఖర్చుతో రేకుల కప్పు రెండుసార్లు వేయొచ్చు.

నాపరాయి (తాడిపత్రి)

కింద బండల మిద్దె అన్నారు కాబట్టి ఒక మాట. పని చేసేవాడు ఎవడైనా బండకు రంధ్రం కొట్టి యాంకర్ బోల్టు వేస్తానంటే ఒప్పుకోవద్దు. కడప బండ రెండు అంగుళాల మందం ఉంటే గొప్ప. డ్రిల్లు అదురుకే పొర విడిపోతుంది, అంచు దగ్గరైతే నిలువునా చీలుతుంది. ఒకసారి చీలితే వానాకాలం కింద గిన్నెలు పెట్టుకోవడమే. మా క్వారీల దగ్గర పెరిగినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. టౌను నుంచి వచ్చే ఫిట్టర్లకు తెలియదు.

సివిల్_కర్నూలు

నాపరాయి గారు చెప్పింది బంగారం లాంటి మాట. పెన్నగట్టు గారి విషయంలో అదృష్టం ఏమిటంటే పైన ఇటుక గోడలు ఉన్నాయి. 9 అంగుళాల గోడ, 8 అడుగుల ఎత్తు అంటే మీటరు పొడవుకు టన్ను బరువు. చుట్టూ 30 మీటర్ల గోడ. తలుపులు, కిటికీలు తీసేసినా 20 టన్నుల పైనే మిగులుతుంది. ఆ బరువును కప్పుకు కట్టేస్తే లాగుడు భయం ఉండదు. చిక్కంతా ఆ కట్టడం దగ్గరే ఉంది.

గోడ పైవరస మీద చుట్టూ కాంక్రీటు బెల్టు వేయించండి, 9 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ బెల్టు మొత్తం బరువు 4 టన్నులు, లాగుడు 5 టన్నులు అన్నాం. ఇటుకకూ బెల్టుకూ మధ్య ఉన్నది సిమెంటు అంటు మాత్రమే, లాగితే విడిపోతుంది. కాబట్టి మూలల్లో, తలుపు, కిటికీల పక్కన, మధ్యలో ఆరేడు అడుగులకు ఒకటి చొప్పున గోడలో నిలువు గాడి కొట్టి, 12 మిల్లీమీటర్ల కడ్డీ కింది వరస దాకా దించి, కాంక్రీటుతో నింపి, పై కొన బెల్టులోకి వంచాలి. గాడి గోడ మందంలో మూడో వంతు దాటకూడదు. గాడులన్నీ ఒకేసారి కొట్టొద్దు, ఒకటి నింపి ఆరాక ఇంకొకటి.

బెల్టు పోసేటప్పుడే ట్రస్సు (కప్పును మోసే త్రికోణపు ఇనుప చట్రం) కాళ్లు వచ్చే చోట ఎల్ ఆకారపు బోల్టులు కడ్డీలకు కట్టి నిలబెట్టాలి. ట్రస్సు కింద బేస్ ప్లేటు, దానికి నట్లు రెండేసి. పైపును సిమెంటులో పూడ్చడం అనేది ఇక మర్చిపోండి.

వెల్డింగ్‌షాపు_అనంత

సార్ చెప్పినట్టు చేస్తే నాకు పని సులువు. మాకు మామూలుగా గోడ అప్పజెప్పి కప్పు వేయమంటారు, బోల్టులు ఎక్కడుంటాయి? అప్పుడు పూడ్చడం తప్ప దారి లేదు.

నా వైపు నుంచి కొన్ని చెప్తా. పర్లిన్ అంటే రేకులను మోసే అడ్డ పైపు, దాని గోడ మందం 2 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. 1.2 పైపు చవకగా దొరుకుతుంది, స్క్రూ దిగుతుంది కూడా, కానీ పట్టుకోవడానికి దాంట్లో ఇనుము ఎక్కడుంది? మరలో ఒకటో రెండో చుట్లు పడతాయి. నాలుగు రోజులు ఊగితే రంధ్రం పెద్దదైపోతుంది. పర్లిన్ల మధ్య దూరం మధ్యలో 4 అడుగులు, చూరు దగ్గరా కొప్పు దగ్గరా రెండున్నర. అంచు వరసల్లో రేకు మీద లేచి ఉండే ప్రతి గుట్టకూ స్క్రూ, లోపల ఒకటి విడిచి ఒకటి. రేకుకు రేకు కలిసే చోట అడుగున్నరకొక చిన్న స్క్రూ.

వాలు గురించి కూడా ఆలోచించు. మనవాళ్లు ఒకే వాలుగా ఒక అడుగు ఎత్తు తేడాతో వేసేస్తారు, ఖర్చు తక్కువని. అలా దాదాపు పడుకున్నట్టుండే కప్పునే గాలి ఎక్కువ పీలుస్తుంది. నీ గది వెడల్పు 20 కాబట్టి మధ్యలో కొప్పు పెట్టి, 10 అడుగులకు 4 అడుగులు ఎత్తు ఇవ్వు.

సివిల్_కర్నూలు

నాలుగు వైపులా వాలు ఇస్తే ఇంకా మంచిది. రెండు వాలుల కప్పులో త్రికోణపు గోడలు గాలికి అడ్డంగా నిలబడతాయి, నాలుగు వాలుల్లో ఆ బాధ లేదు.

వెల్డింగ్‌షాపు_అనంత

మంచిదే సార్, కానీ మూలల్లో రేకులు ఏటవాలుగా కోయాలి, వేస్టేజీ ఎక్కువ. కోత సరిగా రాకపోతే ఆ మూల కారుతుంది. చేతికింద మంచి ఫిట్టరు ఉంటేనే దిగాలి. లేకపోతే రెండు వాలులు వేసి, త్రికోణపు గోడ మీద కూడా బెల్టు పోయించడం నయం.

ఇంకోటి, చూరు. నీడ కోసం మూడు అడుగులు బయటికి లాగమంటారు అందరూ. గాలికి దొరికే పట్టు అదే. ఒకటిన్నర అడుగు దాటొద్దు. వసారాకు నీడ కావాలంటే దాని కప్పు వేరుగా, వేరే పైపుల మీద వేయాలి. పోతే అదొక్కటే పోతుంది.

మిద్దెతోట

స్క్రూ గుట్ట మీద కొట్టాలా, పల్లంలో కొట్టాలా? మా ఫిట్టరు పల్లంలో కొట్టాడు, చుట్టాలంతా కారుతుందని భయపెట్టారు. ఇంతవరకు కారలేదు.

వెల్డింగ్‌షాపు_అనంత

గుట్ట మీదే అక్కా. నీళ్లు పారేది పల్లంలో.

సివిల్_కర్నూలు

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. పల్లంలో కొడితే రేకు నేరుగా పైపును తాకుతుంది కాబట్టి పట్టు గట్టిది, స్క్రూ ఊగదు. గుట్ట మీద కొడితే నీటి భయం తక్కువ, కానీ మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి మిషనుతో కాస్త ఎక్కువ బిగిస్తే గుట్ట నొక్కుకుపోతుంది. ఆ నొక్కులోనే తర్వాత పగులు మొదలవుతుంది. మన దగ్గర కంపెనీలు కప్పుకు సాధారణంగా గుట్ట మీదే చెప్తాయి. అలాగే కొట్టించండి, 55 మిల్లీమీటర్ల స్క్రూ తీసుకోండి, అంచు వరసలకు సైక్లోన్ వాషర్లు వేయించండి. వాషరు రబ్బరు కొంచెం ఉబ్బితే చాలు, పక్కకు చిమ్మేదాకా తిప్పనివ్వొద్దు.

పెన్నగట్టు

ఇన్ని విషయాలు ఉన్నాయని తెలియదు సార్. బెల్టు సంగతి మేస్త్రీతో మాట్లాడాను, గాడులు కొట్టడానికి ఒప్పుకున్నాడు, కాస్త గొణిగాడు. ఇప్పుడు రేకు దగ్గరికి రానా? ఆ ఇద్దరూ 0.50 అనే చెప్తున్నారు, రేటులో అంత తేడా ఎందుకు?

వెల్డింగ్‌షాపు_అనంత

ఒకడు ఉక్కు మందం చెప్తాడు, ఇంకొకడు పూతా రంగూ కలిపిన మందం చెప్తాడు. మూడోవాడు ఏదో ఒకటి చెప్తాడు. కాటా పెట్టించు, నోటి మాటతో పని ఏముంది?

సివిల్_కర్నూలు

కాటా లెక్క ఇదిగో. ఉక్కు ఒక చదరపు మీటరు, ఒక మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు. రేకును మడతపెట్టక ముందు చుట్ట వెడల్పు సాధారణంగా 1,220 మిల్లీమీటర్లు. రంగుతో కలిపి 0.50 అన్న రేకులో ఉక్కు దాదాపు 0.45 ఉంటుంది. అలాంటి 10 అడుగుల రేకు పదమూడున్నర కిలోలకు పైన తూగాలి. 11 కిలోల దగ్గర ఆగితే అది 0.40 రేకు. చుట్ట వెడల్పు వేరైతే లెక్క ఆ మేరకు మార్చుకోండి. ఒక్క రేకు కాకుండా పది రేకులు కలిపి కాటా వేయించండి, తప్పు తక్కువ పడుతుంది.

ఆ తర్వాత పూత. మామూలు జింకు రేకుకు జింకు ఒక్కటే. గాల్వాల్యూమ్ అనేదాంట్లో 55 శాతం అల్యూమినియం, నలభై మూడున్నర దాకా జింకు, మిగతాది సిలికాన్. తుప్పుకు ఇది చాలా ఎక్కువ కాలం ఆగుతుంది. ఏజెడ్ 150 అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల పూత. ఇంటి కప్పుకు అదే అడగండి. జీ550 అనేది ఉక్కు గట్టిదనం, అది పూత సంగతి కాదు. పేరున్న కంపెనీలు మందం, గ్రేడు, పూత రేకు వెనక వైపు ముద్రిస్తాయి. ముద్ర లేని రేకుకు ఆ కంపెనీ పేరు చెప్తే నమ్మొద్దు. రంగుల్లో ఎస్‌డీపీ (సూపర్ డ్యూరబుల్) రకం పాలియెస్టర్ మన ఎండకు మామూలు పాలియెస్టర్ కన్నా మెరుగు. పీవీడీఎఫ్ ఇంకా మన్నుతుంది, మీకు అంత ఖర్చు అవసరం లేదు.

నల్లరేగడి

స్క్రూల్లో కూడా తేడాలుంటాయా?

వెల్డింగ్‌షాపు_అనంత

ఉంటాయా అంటావా! పాతికేళ్లు నిలిచే రేకుకు ఐదేళ్లలో తుప్పుపట్టే స్క్రూ కొడతారు. తళతళలాడే పలుచని జింకు పూత స్క్రూ వద్దు, మందపు పూతది అడగాలి. వాషరుది ఈపీడీఎం రబ్బరు కావాలి. చవక రబ్బరు మన ఎండకు రెండేళ్లలో గట్టిపడి పగులుతుంది, అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి, ఇంటివాళ్లు రేకును తిడతారు. గోటితో నొక్కి చూడు, మెత్తగా దిగి మళ్లీ లేవాలి.

రేకులు గ్రైండరుతో కోయనివ్వొద్దు. ఆ వేడికి కోత పక్కన పూత కాలిపోతుంది, ఎగిరిన ఇనుప రజను కప్పు మీద పడి వాన పడగానే ఎర్ర మచ్చలవుతుంది. కత్తెరతోనో నిబ్లరుతోనో (రేకును కొరికి కోసే మిషను) కోయించు. పని అయ్యాక మెత్తటి చీపురుతో కప్పంతా ఊడిపించు.

నాపరాయి

గోడకు రేకు ఆనే చోట సిమెంటు మెత్తడం కూడా మన దగ్గర పెద్ద అలవాటు. సిమెంటులోని క్షారం అల్యూమినియం పూతను తినేస్తుంది. అక్కడ రేకుతోనే మడత పట్టీ వేసి సీలెంటు పెట్టాలి.

సుంకేసుల (కర్నూలు)

గాలి సంగతి మగవాళ్లంతా బాగా మాట్లాడారు. వేడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ పైన పడుకుంటుందని మొదట్లోనే రాశారు కదా! కర్నూల్లో మేలో 42, 43 డిగ్రీలు మామూలు. ఒట్టి రేకు కింద మధ్యాహ్నం మనిషి ఉండలేదు. మేము పఫ్ ప్యానెల్ వేయించాం. పైనా కిందా రేకు, మధ్యలో 50 మిల్లీమీటర్ల నురగ. వేడి బాగా తగ్గింది. దానికన్నా నాకు నచ్చింది వాన చప్పుడు తగ్గడం. ఒట్టి రేకు కింద వానొస్తే పక్క మనిషి మాట వినపడదు, కోతులు దూకితే సరేసరి.

చదరపు మీటరుకు పదిన్నర కిలోల దాకా బరువు ఉంటుంది, ఒట్టి రేకుకు రెండింతల పైన. స్క్రూలు కూడా పొడవైనవి కావాలి. చివర్లు మూయకపోతే ఎలుకలు నురగను తవ్వుతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే తెల్లరంగు రేకు వేసి, కింద ఫాల్స్ సీలింగ్ పెట్టి, మధ్య ఖాళీలో గాలి ఆడేలా త్రికోణపు గోడల్లో జాలీలు వదలండి. ముదురు నీలం, ఎరుపు చూడ్డానికి బాగుంటాయి, అమ్మకు మాత్రం కష్టం.

సివిల్_కర్నూలు

జాలీలు రెండు వైపులా సమానంగా పెట్టండి మేడమ్ చెప్పినట్టు. ఒక వైపే పెడితే లోపలికి దూరిన గాలికి బయటికి దారి ఉండదు.

తోటమాలి_రైల్వేకోడూరు

ఇనుప కప్పు మీద పిడుగు పడుతుందంటారు, నిజమేనా?

బీచ్‌రోడ్డు

ఇనుము అని వెతుక్కుంటూ రాదండీ. చుట్టుపక్కల ఎత్తైనది ఏదో దాని మీద పడే అవకాశం ఎక్కువ. కప్పునూ ట్రస్సునూ మంచి ఎర్తింగుకు కలిపితే విద్యుత్తు నేలలోకి పోతుంది. పలుచని రేకు కాబట్టి పడిన చోట చిల్లి పడొచ్చు. దామిని యాప్ ఫోన్లో పెట్టుకోండి, దగ్గరలో పిడుగులు పడుతుంటే చెప్తుంది.

ఆదోని_పత్తి

మంచి చర్చ. నాదొక ప్రశ్న. పొలం దగ్గర గేదెల షెడ్డు వేస్తున్నా, అక్కడా ఈ గాల్వాల్యూమ్ ఏజెడ్ 150 వేస్తే సరిపోతుందా?

పెన్నగట్టు

ఆదోని అన్నకు సార్ వాళ్లు చెప్తారు. నా సంగతి ముందు రాసేస్తా. తెల్ల రేకు, ఏజెడ్ 150, రెండు వాలులు, కింద ఫాల్స్ సీలింగ్ అనుకున్నాం. పఫ్ ప్యానెల్ మా బడ్జెట్‌లో కూర్చోలేదు. రేకు 0.50కి బదులు 0.45 తీసుకుని, మిగిలిన డబ్బు బెల్టుకూ పైపులకూ పెడితే తప్పా?

వెల్డింగ్‌షాపు_అనంత

నేనైతే అదే చేస్తా. పర్లిన్లు నేను చెప్పిన దూరాల్లో ఉంటే 0.45 చాలు.

సివిల్_కర్నూలు

నాకు అంచు వరసల దగ్గర కొంచెం అనుమానం ఉంది. పలుచబడే కొద్దీ స్క్రూ తల చుట్టూ పగుళ్లు త్వరగా వస్తాయి. 0.45 తీసుకుంటే సైక్లోన్ వాషర్లు అంచులకే కాక కప్పంతా వేయించండి. ఖర్చు స్వల్పం. ఏటా ముంగారు వానలకు ముందు, మార్చిలో, ఒకసారి ఎక్కి ప్రతి స్క్రూ చూడాలి. ఎక్కేవాళ్లు పర్లిన్ గీత మీదే నడవాలి, రేకు మధ్యలో కాదు.

పెన్నగట్టు

సరే సార్, వాషర్లు మొత్తం కప్పుకే వేయిస్తా. బెల్టు పని వచ్చే వారం మొదలు.

వెల్డింగ్‌షాపు_అనంత

ఆదోని అన్నా, గేదెల షెడ్డుకు గాల్వాల్యూమ్ వద్దు. పేడ, మూత్రం నుంచి లేచే అమోనియా ఆవిరి ఆ పూతను కింది నుంచి తింటుంది, కంపెనీ గ్యారంటీలో కూడా పశువుల షెడ్లను సాధారణంగా మినహాయిస్తారు. మందపు జింకు పూత రేకు గానీ అల్యూమినియం రేకు గానీ చూడు. ఎత్తు ఎక్కువ పెట్టి, పక్కలు తెరిచి గాలి ఆడనివ్వు. పక్కలు తెరిస్తే గాలి కింది నుంచి ఎత్తుతుందని పైన సార్ చెప్పింది నీకూ వర్తిస్తుంది, కాబట్టి స్తంభాలు గుంతలో కాంక్రీటు దిమ్మెతో దింపించు. దిమ్మె కొలత కావాలంటే షెడ్డు పొడవు, వెడల్పు, స్తంభాలు ఎన్నో ఇక్కడ రాయి, సార్ లెక్కేసి చెప్తారు.

ఆదోని_పత్తి

40 అడుగులు, 16 అడుగులు. స్తంభాలు పది అనుకుంటున్నా. నేల నల్లరేగడి.

సివిల్_కర్నూలు

నల్లరేగడి అయితే లెక్క వేరు, ఆ నేల వానకు ఉబ్బి ఎండకు బీటలిస్తుంది. బీటలు ఎంత లోతు దాకా పోతాయో ఎండాకాలంలో ఒక కడ్డీ దింపి చూసి చెప్పండి. దిమ్మె దాని కిందికి పోవాలి.